కంప్యూటరు గడియారమును తొందరపెట్టుట – దాని హద్దులు

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనము కలదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి దానిని ప్రారంభించిరి. రాతి గుట్టల నడుమ వెలసిన ఆ భవనముతోనే హైటెక్ సిటీ చరిత్ర మొదలైనది. అదే సంవత్సరము ఆగస్టు మాసములో అమెరికాలోని ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఏ అను ప్రాసెసరును విడుదల చేసినది. తక్కువ వెలకు అమ్మదలచిన సామాన్యపు సరకు అది. సెకనుకు 30 కోట్ల స్పందములతో పనిచేయుటకు నిర్ణయింపబడిన ఆ ప్రాసెసరును కొన్నవారిలో అనేకులు దానిచేత 45 కోట్ల స్పందములతో పనిచేయించిరి. అదనముగా ఖర్చు చేయకయే వేగము ఒకటిన్నర రెట్లయ్యెను.

ఇట్లు తయారీదారు నిర్ణయించిన వేగమునకు మించి ప్రాసెసరును నడపుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. అనగా కంప్యూటరులోని గడియారమును తొందరపెట్టుట. పాత కంప్యూటరు మందగించినదని విసిగినవారికి ఈ ఉపాయము మిక్కిలి ఆశ గొలుపును. కాని సైబర్ టవర్స్ ప్రారంభమైన ఆరేండ్లకే ప్రపంచములోని ప్రాసెసరు తయారీదారులు గడియారపు పరుగును తామే ఆపుకొనవలసి వచ్చినది. వారిని ఆపిన హద్దు ఏదియో, ఇంటిలోను పాఠశాలలోను ఉన్న పాత కంప్యూటరును ఆపు హద్దు కూడ అదియే. ఆ హద్దు ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుటకు ముందు గడియారము చేయు పని యేమో తెలియవలెను.

గడియారము చేయు పని

ప్రతి కంప్యూటరులోను చిన్న క్వార్ట్జు స్ఫటికపు తునక ఒకటి ఉండును. విద్యుత్తు ప్రయోగించినప్పుడు అది నియమము తప్పక కంపించును. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొనిన పీడన విద్యుత్ ప్రభావమే దీనికి మూలము. స్ఫటికపు కంపనములను ఆధారము చేసికొని ఎలక్ట్రానిక్ వలయములు ప్రాసెసరునకు కావలసిన స్పందములను తయారుచేయును. సెకనుకు పది లక్షల స్పందములైనచో ఒక మెగాహెర్ట్జు, నూరు కోట్లయినచో ఒక గిగాహెర్ట్జు.

ఈ స్పందము పాఠశాలలోని గంట వంటిది. గంట మ్రోగగానే పిల్లలు ఒక తరగతి గదినుండి మరియొక గదికి పోవుదురు. అందరును తమ చోట్లలో కూర్చున్న తరువాతనే తిరిగి గంట మ్రోగవలెను. చురుకైన పిల్లలు అర నిమిషములో చేరవచ్చును. కాని గంటకు గంటకు నడుమ వ్యవధిని నిర్ణయించునది అందరికంటె నెమ్మదిగా నడచు పిల్లవాడు. ప్రాసెసరులో కూడ ఒక స్పందమునకు బయలుదేరిన సంకేతము అనేక ట్రాన్సిస్టర్లను దాటి, తరువాతి స్పందమునకు ముందే గమ్యము చేరవలెను. అన్ని మార్గములలోను మిక్కిలి ఆలస్యమైన మార్గమేదో అదియే మొత్తము ప్రాసెసరు వేగమును శాసించును. గంట మరీ త్వరగా కొట్టినచో ఆ సంకేతము దారిలోనే చిక్కుకొనును. కూడికలో తప్పు వచ్చును, లేదా యంత్రము నిలిచిపోవును.

మరి తయారీదారు చెప్పిన వేగమును మించి నడపుట ఎట్లు సాధ్యము? ఒకే పలకపై తయారైన ప్రాసెసర్లన్నియు ఒక్క తీరుగా ఉండవు. కొన్ని చురుకైనవి, కొన్ని మందమైనవి. కర్మాగారములో వాటిని పరీక్షించి వేగమును బట్టి వేరుచేసి ముద్ర వేయుదురు. వేసవి వేడిమి, విద్యుత్ సరఫరాలో హెచ్చుతగ్గులు, ఏండ్లు గడచినకొలది వచ్చు అరుగుదల – వీటన్నిటిని తట్టుకొనునట్లు కొంత వేగమును మిగులుగా ఉంచుదురు. తక్కువ వెల సరకునకు గిరాకీ హెచ్చుగా నున్నప్పుడు చురుకైన ప్రాసెసర్లమీద కూడ తక్కువ వేగపు ముద్ర వేయుట కలదు. ఓవర్‌క్లాకింగు చేయువాడు వాడుకొనునది ఈ మిగులునే. అతడు క్రొత్త శక్తిని సృష్టించుట లేదు. తయారీదారు జాగ్రత్త కొరకు దాచియుంచినదానిని తీసి ఖర్చు చేయుచున్నాడు.

స్ఫటికము మార్చిన రోజులు

హైదరాబాదునకు కంప్యూటర్ల తయారీ హైటెక్ సిటీతో వచ్చినది కాదు. 1967లో ఇచట స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, ట్రాంబేలోని అణుశక్తి పరిశోధన కేంద్రములో రూపొందిన టీడీసీ-12 అను 12 బిట్ల కంప్యూటరును తయారుచేసినది. అటువంటి యంత్రములలో భాగములు అనేక పలకలపై పరచియుండెడివి. సంకేతము ఒక పలకనుండి మరియొక పలకకు తీగలగుండ ప్రయాణింపవలెను. కాంతి సైతము సెకనులో నూరు కోట్లవ వంతు కాలమున 30 సెంటీమీటర్లు, అనగా విద్యార్థుల సంచిలోని ఒక స్కేలు పొడవు, మాత్రమే పోగలదు. కావున బీరువా అంత యంత్రమునకు గిగాహెర్ట్జు గడియారము అసాధ్యము. ట్రాన్సిస్టర్లన్నియు గోరంత సిలికాను పలకపై ఇమిడిన తరువాతనే గడియారము పరుగెత్తుటకు వీలు కలిగినది.

1981లో ఐబీఎం సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు గడియారము 4.77 మెగాహెర్ట్జులు. ఈ విచిత్రమైన అంకెకు కారణము కలదు. అమెరికాలోని రంగుల టెలివిజను వలయములకు సరిపోవునట్లు 14.318 మెగాహెర్ట్జుల స్ఫటికమును ఎన్నుకొని, దానిని మూడుచేత భాగించిరి. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరు వేగము 6 మెగాహెర్ట్జులు. దానిలోని 12 మెగాహెర్ట్జుల స్ఫటికమును తీసివేసి 16 మెగాహెర్ట్జుల స్ఫటికమును అమర్చినచో వేగము 8 మెగాహెర్ట్జులగునని వాడుకదారులు కనిపెట్టిరి. ఇంటింటి కంప్యూటర్లలో ఓవర్‌క్లాకింగు ఇట్లు ప్రారంభమైనది. కొంత కాలమునకు ఐబీఎం సంస్థ యంత్రము మేల్కొనునప్పుడే గడియారపు వేగమును పరీక్షించి, హెచ్చుగా నున్నచో ముందుకు సాగనీయని ఏర్పాటు చేసెను.

ఆ తరువాత వచ్చిన అనుకరణ కంప్యూటర్ల ముందుభాగమున టర్బో అను మీట ఉండెడిది. పాత ఆటలు కొన్ని 4.77 మెగాహెర్ట్జులనే కాలమానముగా ఎంచి వ్రాయబడినవి. వేగము హెచ్చినచో ఆడువారికి అందకుండ పోయెడివి. వాటికొరకు యంత్రమును నెమ్మదింపజేయుటయే ఆ మీట పని.

సెలెరాన్ వింత

ప్రాసెసరు తన వేగమును రెండు అంకెల గుణకారము వలన పొందును. ఒకటి బయటి దారి వేగము, రెండవది ప్రాసెసరులోని గుణకము. తక్కువ వేగపు ప్రాసెసర్లపై హెచ్చు వేగపు ముద్ర వేసి అమ్ము మోసగాండ్రు బయలుదేరగా, ఇంటెల్ సంస్థ ఈ గుణకమును మార్చుటకు వీలులేకుండ బంధించినది. సెలెరాన్ 300ఏ గుణకము 4.5. బయటి దారి 66 మెగాహెర్ట్జులు గనుక వేగము 300. కాని బయటి దారిని 100 మెగాహెర్ట్జులకు మార్చుకొను వసతి నాటి మదరుబోర్డులలో ఉండెను. నూరును 4.5 చేత గుణించినచో 450. పైగా ఈ ప్రాసెసరు తన పొందు జ్ఞాపకమును, అనగా 128 కిలోబైట్ల క్యాషును, అదే సిలికాను పలకపై కలిగియుండుటచేత అదియును పూర్తి వేగముతో పనిచేసెను. అందుచే తక్కువ వెల సరకు అన్నిటికంటె ఖరీదైన సరకుతో దీటుగా నిలిచినది.

సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి విపణులలో విడిభాగములు కొని కంప్యూటరును కూర్చుకొను అలవాటు గల నగరమునకు ఇటువంటి ఉపాయములు క్రొత్త కావు. వేగము ఉచితముగా దొరకునను భావము ఆ కాలమున ప్రపంచమంతట వ్యాపించెను. 2000వ సంవత్సరము మార్చిలో ఏఎండీ, ఇంటెల్ సంస్థలు రెండు దినముల తేడాతో ఒక గిగాహెర్ట్జు ప్రాసెసర్లను ప్రకటించినవి. కొన్ని యేండ్లలో పది గిగాహెర్ట్జులు వచ్చునని నిపుణులే ఆశించిరి. ఆ ఆశకు అడ్డు వచ్చినది వేడిమి.

వేడిమి లెక్క

ట్రాన్సిస్టరు తెరచుకొని మూసికొనిన ప్రతి పర్యాయమును కొంత విద్యుదావేశము నింపబడి ఖాళీయగును. ఖర్చగు సామర్థ్యము గడియారపు వేగమునకు అనులోమానుపాతములోను, వోల్టేజి వర్గమునకు అనులోమానుపాతములోను ఉండును. వేగమును పెంచినకొలది సంకేతము సకాలమున చేరదు గనుక, దానిని తరుముటకు వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును. చిక్కు ఇచటనే కలదు.

ఉదాహరణకు 60 వాట్లు ఖర్చుచేయు ప్రాసెసరును తీసికొనుడు. దాని వేగమును ఒకటిన్నర రెట్లు చేసి, అందుకొరకు వోల్టేజిని నూటికి 10 వంతులు పెంచితిమనుకొనుడు. 1.1 వర్గము 1.21. దానిని 1.5 చేత గుణించినచో సుమారు 1.82. అనగా 60 వాట్లు 109 వాట్లగును. వేగము సగము హెచ్చగా వేడిమి ఇంచుమించు రెండింతలయ్యెను.

ఈ వేడిమిని తొలగించు పంఖా, లోహపు రెక్కలు ప్రతి వాటుకు 0.4 డిగ్రీల ఉష్ణోగ్రత పెరుగుదలతో పనిచేయునవి అనుకొందము. పెట్టెలోని గాలి 25 డిగ్రీలయినప్పుడు, 60 వాట్ల ప్రాసెసరు 49 డిగ్రీలయందుండును. అదే 109 వాట్లయినచో 69 డిగ్రీలు. ఇక హైదరాబాదులో మే నెల మధ్యాహ్నమున, చల్లని యంత్రము లేని గదిలో, పెట్టెలోని గాలి 42 డిగ్రీలయినచో ప్రాసెసరు 86 డిగ్రీలకు చేరును. పంఖా ఎంత పెద్దదైనను గదిలోని గాలికంటె చల్లగా చేయజాలదు. జనవరిలో చక్కగా నడచిన యంత్రము మే నెలలో నిలిచిపోవుటకు ఇదియే కారణము. వేడెక్కిన ట్రాన్సిస్టరులో విద్యుత్తు కారిపోవుట కూడ హెచ్చును. అది మరికొంత వేడిమిని కలిగించును.

ఇటీవలి ప్రాసెసర్లు ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలకు చేరినప్పుడు తమ వేగమును తామే తగ్గించుకొనును. కావున మితిమీరి తొందరపెట్టిన యంత్రము వేసవిలో మునుపటికంటె నెమ్మదిగా నడచుటయు సంభవమే.

వేడిమి, వోల్టేజి కలిసి ప్రాసెసరు ఆయువును కూడ హరించును. సన్నని లోహపు తీగలలో ఎలక్ట్రానుల ప్రవాహము లోహపు పరమాణువులను కొద్దికొద్దిగా ముందుకు నెట్టును. ఏటి ప్రవాహము ఒడ్డును కోసినట్లు, తీగ ఒకచోట సన్నగిల్లి తుదకు తెగును. దీనికి సంబంధించిన సమీకరణమును మోటరోలా సంస్థలోని జేమ్స్ బ్లాక్ 1969లో ప్రకటించెను. విద్యుత్ సాంద్రత, ఉష్ణోగ్రత హెచ్చినకొలది తీగ ఆయువు త్వరితముగా తరుగునని అది తెలుపును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కంటికి కనబడని తప్పు. యంత్రము నిలిచిపోయినచో తెలియును. నిలువక తప్పు జవాబిచ్చినచో తెలియదు. పాఠశాల మార్కుల పట్టికలో ఒక విద్యార్థికి 35 మార్కులు వచ్చినవనుకొనుడు. ద్విసంఖ్యామానములో 35 అనగా 100011. అందు మొదటి ఒకటి సున్నగా మారినచో మిగులునది 3. ఉత్తీర్ణుడైన బాలుడు ఒక్క బిట్టు తప్పుటచేత తప్పిపోవును. ఆటకొరకు యంత్రమును తొందరపెట్టినవాడు తన ఆటనే పోగొట్టుకొనును. లెక్కలకొరకు తొందరపెట్టినవాడు ఇతరుల లెక్కలను కూడ పోగొట్టవచ్చును.

పరుగు నిలిచిన సంవత్సరము

1974లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక ముఖ్య సూత్రమును ప్రకటించిరి. ట్రాన్సిస్టరు కొలతలను, వోల్టేజిని ఒకే పాళ్ళలో తగ్గించుచు పోయినచో, వేగము హెచ్చినను చదరపు మిల్లీమీటరునకు పుట్టు వేడిమి మారదు. ముప్పది యేండ్లు పరిశ్రమ ఈ సూత్రము నీడననే నడచినది. కాని వోల్టేజిని ఒక మట్టమునకు దిగువకు తగ్గించినచో ట్రాన్సిస్టరు పూర్తిగా మూతపడదు. మూయని కుళాయి వలె విద్యుత్తు కారుచునే యుండును. 2001లో ఇంటెల్ సంస్థకు చెందిన పాట్ గెల్సింగర్ ఒక సభలో మాటాడుచు, ఇదే పద్ధతి సాగినచో సిలికాను పలకపై వేడిమి సాంద్రత అణు రియాక్టరును, రాకెట్టు నాళమును మించి, సూర్యుని ఉపరితలమునకు సమీపించునని హెచ్చరించెను.

ఆ హెచ్చరిక త్వరలోనే నిజమైనది. 2004 మే నెలలో ఇంటెల్ సంస్థ తేజస్ అను ప్రాసెసరు నిర్మాణమును విరమించుకొన్నది. అదే సంవత్సరము 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 కూడ రద్దయ్యెను. 3.8 గిగాహెర్ట్జులే దాని తుది వేగము. 1981లోని 4.77 మెగాహెర్ట్జుల నుండి 2004లోని 3.8 గిగాహెర్ట్జుల వరకు 23 యేండ్లలో వేగము సుమారు 800 రెట్లు పెరిగెను. తరువాతి 20 యేండ్లలో, 2024లో ఇంటెల్ అమ్మిన 6.2 గిగాహెర్ట్జుల ప్రాసెసరును లెక్కలోనికి తీసికొన్నను, పెరుగుదల రెండు రెట్లకు కూడ చేరలేదు.

తయారీదారులు మరియొక దారి పట్టిరి. గడియారమును తొందరపెట్టు లెక్కనే తలక్రిందులు చేసి చూడుడు. వేగమును, వోల్టేజిని నూటికి 20 చొప్పున తగ్గించినచో ఖర్చు 0.8 ఘనమునకు, అనగా సుమారు సగమునకు దిగును. అటువంటి రెండు ప్రాసెసరు కేంద్రములను ఒకే పలకపై ఉంచినచో పూర్వపు వేడిమితోనే 1.6 రెట్ల పని జరుగును. 2005 నుండి రెండు కేంద్రముల ప్రాసెసర్లు ఇండ్లకు వచ్చుటకు ఈ గుణకారమే కారణము. పని రెండుగా పంచుటకు అనువైనదైనప్పుడే ఈ లాభము దక్కును.

సైబరాబాదున నేటి పని

హైటెక్ సిటీ విస్తరించినది ఈ మార్పు తరువాతి కాలములోనే. ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ మున్నగు సంస్థల చిప్ రూపకల్పన కేంద్రములు నేడు హైదరాబాదున కలవు. 1998లో గచ్చిబౌలిలో స్థాపింపబడిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, అతి సూక్ష్మ వలయములపై పరిశోధన చేయుచున్నది. ఈ విద్య నేర్చిన ఇంజనీరునకు నేడు ఎదురగు మొదటి ప్రశ్న గడియారమును ఎంత పెంచవచ్చునని కాదు. ఒక వాటుకు ఎంత పని జరుగునని. 2022లో అమెజాన్ సంస్థ తన క్లౌడు సేవల హైదరాబాదు విభాగమును ప్రారంభించినది. అటువంటి కేంద్రములలో వేలకొలది ప్రాసెసర్లు ఒకేచోట పనిచేయును. వాటిని చల్లబరచుటయే ఒక పెద్ద పని. ఒక డెస్క్‌టాపు పెట్టెలోని చిక్కు అచట భవనమంత పరిమాణము దాల్చినది.

మరియొక విశేషము కూడ గమనింపదగినది. 2008 నుండి ప్రాసెసర్లు చల్లగా నున్నప్పుడు తమ వేగమును తామే పెంచుకొనుచున్నవి. అనగా ఒకప్పుడు వాడుకదారునకు మిగిలిన భాగమును తయారీదారులే ఖర్చు చేయుచున్నారు. ఆ మిగులు ఎంత సన్నగిల్లినదో 2024లో బయటపడినది. 13, 14వ తరముల డెస్క్‌టాపు ప్రాసెసర్లు కొన్ని హెచ్చు వోల్టేజి వలన చెడిపోవుచున్నవని ఇంటెల్ సంస్థ ప్రకటించి, సవరణను విడుదల చేసి, హామీ కాలమును రెండేండ్లు పొడిగించినది. అతి శీతలమైన ద్రవ హీలియముతో ప్రాసెసరును చల్లబరచి 2022లో 9 గిగాహెర్ట్జులను దాటినవారు కలరు. అవి కొలది క్షణముల పోటీలు. నిత్యము వాడుకొను యంత్రమునకు మార్గములు కావు.

పాత కంప్యూటరునకు మేలైన మార్గము

పాఠశాలలలోని పాత డెస్క్‌టాపులలో అనేకము అసలు తొందరపెట్టుటకు వీలులేనివి. 2011 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో గుణకము విప్పియున్న ప్రత్యేక రకములకు తప్ప ఈ సౌకర్యము లేదు. బయటి గడియారమును నూటికి కొద్ది వంతులకు మించి కదపినచో ఇతర భాగములు దెబ్బతినును.

కదిలించినను లాభమెంత? నిమిషమునకు 7,200 సారులు తిరుగు డిస్కుపై కావలసిన సమాచారము తల క్రిందికి వచ్చుటకు సగటున 4.2 మిల్లీ సెకనులు పట్టును. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు ఆ వ్యవధిలో ఒక కోటి 25 లక్షల స్పందములను వేచియుండుటకే గడుపును. దాని గడియారమును నూటికి 20 పెంచినచో అది ఒక కోటి 50 లక్షల స్పందములు వేచియుండును, అంతియే. డిస్కునకు బదులు కదలు భాగములు లేని ఎస్‌ఎస్‌డీని అమర్చినచో ఆ నిరీక్షణలో పెక్కు వంతు మాయమగును. జ్ఞాపకమును హెచ్చించుట, పెట్టెలోని దుమ్మును దులుపుట, ప్రాసెసరునకు లోహపు రెక్కలకు నడుమ ఎండిపోయిన లేపనమును మార్చుట – ఇవియు అటువంటి మేలు చేయును. దుమ్ము పట్టిన పంఖా వలన వేగమును తగ్గించుకొనుచున్న ప్రాసెసరు, శుభ్రపరచినంతనే తన సహజ వేగమును తిరిగి పొందును.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 నిర్వహణ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతి కూర్పునకు తగని కంప్యూటర్లు ఎన్నియో చెత్తలోనికి పోవు స్థితి ఏర్పడినది. అటువంటి వాటిలో లినక్సు వంటి ఉచిత నిర్వహణ వ్యవస్థను నిలుపుకొనవచ్చును. ఇట్టి సాఫ్టువేరును తెలుగువారికి పరిచయము చేయుచున్న స్వేచ్ఛ సంస్థ హైదరాబాదునకు చెందినదే. విద్యార్థులు పాఠము నేర్చుటకు, ప్రోగ్రాములు వ్రాయుటకు పదేండ్లనాటి యంత్రము చాలును.

ఓవర్‌క్లాకింగు చరిత్ర నిరర్థకమైనది కాదు. స్ఫటికమును మార్చి చూచినవారు యంత్రములోని మిగులు ఎంతయో కనుగొనిరి. వారి అనుభవము వేడిమి శాసనమును ఇంటింటికి తెలిపినది. ఉపాధ్యాయులు పనికిరాని ఒక పాత కంప్యూటరును తెరచి, పంఖాను, లోహపు రెక్కలను, స్ఫటికమును చూపి, వోల్టేజి వర్గపు లెక్కను నల్లబల్లపై వేసి చూపవచ్చును. భౌతికశాస్త్ర పుస్తకములోని సూత్రమొకటి ప్రపంచములోని పెద్ద సంస్థల దారినే మార్చినదని విద్యార్థులకు అప్పుడు బోధపడును.